జైల్లో చెప్పిన మాటలు

టేపక్క గుట్టు మనిషి. ఆమె దుకాణానికి అసలు పెట్టుబడి అదే. కుట్టుమిషను ఎవరైనా కొనుక్కోవచ్చు, కత్తెర ఎవరైనా పట్టుకోవచ్చు. కాని మెడలో టేపు వేసుకుని పదిమంది నడుములూ పొట్టలూ కొలిచే మనిషికి నోరు అదుపులో లేకపోతే రెండో నెలకే దుకాణానికి తాళం పడుతుంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కొలతలతో ఆగరు మరి. చేతులు పైకెత్తి అద్దం ముందు నిలబడ్డ మనిషికి ఎందుకో నిజాలు చెప్పాలనిపిస్తుంది. కోడలు ఎందుకు అలిగి వెళ్ళిందో, అన్నదమ్ములు ఎక్కడ చెడ్డారో, ఈ మధ్య బట్టలు బిగుతవడానికి కారణమేమిటో అన్నీ చెప్పేస్తారు. టేపక్క పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని "ఊఁ" అంటుంది, అంతే. నోట్లో సూదులున్న మనిషి అంటే అందరికీ గొప్ప నమ్మకం.

ఆమెకూ ఒక గుట్టుంది. కొడుకు ఓడలో పని చేస్తున్నాడని వీధిలో అందరికీ చెప్పింది. కొడుకున్నది జైల్లో.

వాడు తాగి వ్యాను నడిపి, సైకిలు మీద పోతున్న ఒకాయనను గుద్దాడు. ఆయన అక్కడికక్కడే పోయాడు. వీడు బండి ఆపకుండా వెళ్ళిపోయాడు. ఈ ఆపకపోవడమన్న ముక్కను టేపక్క తన మనసులో కూడా పూర్తిగా అనుకోదు, సగంలో ఆపి వేరే పని చూసుకుంటుంది. శిక్ష పడ్డాక ఆమె పాత పేట వదిలేసి ఈ వీధికి వచ్చింది. ఓడ అని ఎందుకందంటే, ఓడలో ఉన్నవాడు ఇంటికి రాలేదేమని ఎవరూ అడగరు కదా అని. తీరా అన్నాక ఓడల మీద ఇంత ఆసక్తి ఉన్న వీధి ఇంకోటి ఉండదని తెలిసింది. "ఇప్పుడెక్కడున్నాడు అబ్బాయి?" అని అడిగేవాళ్ళు. "నీళ్ళలోనే" అనేది.

ఆమె మిషను వేసుకున్నది ఇంటావిడ అద్దెకిచ్చిన ముందు గదిలో. ఇంటావిడంటే వీధి వీధంతటికీ హడల్. భర్త పోయి చాలాకాలమైంది. లైబ్రరీ కమిటీకి ఆవిడే ప్రెసిడెంటు. ఒకసారి వెనక వాటాలో అద్దెకున్నవాడి తమ్ముణ్ణి పోలీసులు తీసుకెళ్తే, సాయంత్రానికల్లా వాళ్ళ సామాను గేటు బయట ఉంది. "పోలీస్ స్టేషన్ మెట్లెక్కిన ఇంటివాళ్ళు నా మెట్లెక్కడానికి వీల్లేదు" అంది ఇంటావిడ. ఆ మాట అంటున్నప్పుడు టేపక్క ఆవిడ జాకెట్టు భుజం దగ్గర సూది పెడుతోంది. ఆ సూది గుచ్చి, ఇంకో సూది అందుకుంది.

జైల్లో ములాఖత్ రోజున దుకాణం మూసి, రెండు బస్సులు మారి వెళ్ళేది. మధ్యలో అద్దం, చెవి దగ్గర ఫోను. కేసు గురించి మాట్లాడకూడదు, లోపలి మనుషుల గురించి మాట్లాడకూడదు. ఇక మాట్లాడడానికి ఏముంటుంది? "తిన్నావా?" "ఊఁ." "ఒంట్లో బాగుందా?" "ఊఁ." ఆపైన వాడు బెల్లంకొట్టిన రాయిలా కూర్చునేవాడు. చూపు అద్దం దాటి ఎక్కడికో పోయేది. అలా ఎన్ని ములాఖత్‌లు గడిచాయో. వీడిక నోరు తెరవడేమో, ఏ రోజు ఏం చేసుకుంటాడోనని ఆమెకు బస్సు ఎక్కినప్పటి నుంచీ అదే దిగులు.

ఒకరోజు ఏమీ తోచక, సూదులు తీసేసింది నోట్లోంచి. బ్యాంకు మేనేజరు సంగతి చెప్పింది. ఆయన ప్యాంటు నడుము దగ్గర వదులు చేయించుకోవడానికి వచ్చినప్పుడల్లా, కొలతల చీటీలో మాత్రం పాత కొలతే రాయమంటాడు. రాసేదాకా కదలడు. "ఆ చీటీ చూసుకుని తృప్తిపడే మనిషిరా ఆయన" అంది. కొడుకు కళ్ళు నెమ్మదిగా అద్దం దగ్గరికి వచ్చాయి.

"తర్వాత?" అన్నాడు.

ఆ ఒక్క మాటకు టేపక్కకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంటికొచ్చే దారంతా బస్సులో ఆ మాటే చెవిలో పెట్టుకు కూర్చుంది. ఇక అప్పటి నుంచి దుకాణంలో విన్నవన్నీ వాడి కోసం దాచిపెట్టడం మొదలుపెట్టింది. వీధిలో ఎవరి చెవినా వెయ్యనివి, కడుపులో పెట్టుకుని మోస్తున్నవి, అన్నీ అద్దం ముందు కుమ్మరించేది. తప్పు చేస్తున్నానని ఆమెకు ఒక్కసారి కూడా అనిపించలేదు. జైల్లో చెప్పిన మాట ఎక్కడికి పోతుంది? అంత ఎత్తు గోడలు, అన్ని తాళాలు, అంతమంది కాపలా! మనుషులే బయటికి రాలేని చోటి నుంచి మాటలు వస్తాయా? లోకంలో గుట్టు దాచుకోవడానికి ఇంతకంటే భద్రమైన చోటు లేదనుకుంది ఆ వెర్రితల్లి.

ఒక ములాఖత్‌లో వాడే ముందు మాట్లాడాడు.

"అమ్మా, నేనొక కథ రాశాను. లైబ్రరీ మేడమ్ వచ్చి మాకు రాయడం నేర్పిస్తున్నారు కదా, మావి కొన్ని కలిపి పుస్తకం వేస్తున్నారు. దాంట్లో నాదీ ఉంది."

"నా తండ్రే!"

"లైబ్రరీలో మీటింగు పెట్టి చదువుతారట. మా ఇళ్ళవాళ్ళే చదవాలి. ఇక్కడ హాల్లో స్పీకరు పెట్టి మాకు వినిపిస్తారు. నువ్వు చదువుతావుగా?"

"చదవకేం రా! గొంతు చించుకుని చదువుతాను."

ఏ లైబ్రరీ అని అడగాలన్న ఆలోచన ఆమెకు బయటికొచ్చాక గాని రాలేదు. గేటు దగ్గర గోడకు కాగితం అంటించి ఉంది. రెండుసార్లు చదివింది. వీధి చివరి లైబ్రరీయే. ఇంటావిడ ప్రెసిడెంటుగా ఉన్న లైబ్రరీయే. వాడికి ఓడ సంగతి తెలియదు. ఊరందరి కబుర్లూ వాడికి మోసిన మనిషి, ఆ ఒక్క కబురూ చెప్పలేదు.

మర్నాడు జనం పలచబడ్డాక లైబ్రరీకి వెళ్ళింది. లైబ్రేరియన్ కళ్ళజోడు పెట్టుకున్న సన్నపాటి అమ్మాయి. టేపక్క చిన్నగా కొడుకు పేరు చెబితే, టైపు చేసిన కాగితాలు తెచ్చి చేతిలో పెట్టి, "మీవాడు బాగా రాశాడక్కా" అంది. టేపక్క బీరువాల మధ్య నిలబడే చదవడం మొదలుపెట్టింది.

కథ పేరు 'కొలతలు'. మొదటి వాక్యానికే ఆమె ముఖం వెలిగింది. "మా అమ్మ దుకాణంలో అద్దం ముందు చేతులెత్తి నిలబడితే ఎవరూ అబద్ధమాడలేరు." రెండో పేజీలో ఆ వెలుగు కాస్తా ఆరిపోయింది. బ్యాంకు మేనేజరు ఉన్నాడు, ప్యాంటుతో సహా, చీటీతో సహా. అలిగి వెళ్ళిన కోడలు ఉంది. పేర్లు లేవు నిజమే, కాని ఈ వీధిలో పేర్లెవరికి కావాలి? మూడో పేజీకి వచ్చేసరికి ముచ్చెమటలు పోశాయి. అక్కడ ఇంటావిడ ఉంది.

ఇంటావిడ భర్త కోపిష్ఠి. బతికున్నన్నాళ్ళూ ఇద్దరికీ రోజూ యుద్ధమే, వీధికంతటికీ వినబడేది. ఆయన పోయిన వారానికే ఆయన బట్టలన్నీ పారేశానని, పీడా విరగడైందని ఆవిడ అందరికీ చెప్పుకుంది. పారెయ్యలేదు. అప్పుడప్పుడు ఒక చొక్కా కాగితంలో చుట్టి తెచ్చేది. భుజాలు దించి, చేతులు కురచచేసి తన కొలతకు సరిచేయించుకునేది. పడుకునేటప్పుడు వేసుకుంటానని, ఎవరితోనైనా అంటే నాలుక కోస్తానని చెప్పింది. ఉతక్కుండా కుట్టమంది కూడా. టేపక్క ఆ సంగతి ఎవరితో అంటుంది? ఎవరితోనూ అనలేదు. జైల్లో తప్ప.

ఇంకా కొన్ని లైన్లున్నాయి ఆ పేజీ చివర. ఆమె చదవలేదు. చదవడానికి కళ్ళు కనబడితే కదా.

"అమ్మాయ్, ఇది తీసెయ్యాలి" అంది.

"ఏది?"

"మొత్తం. ఇది బయటికొస్తే నేను వీధిన పడతాను."

లైబ్రేరియన్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. "ఇంటివాళ్ళు వద్దంటే చదవమక్కా. పుస్తకంలోంచి కూడా తీసేస్తాం. కాని ఒక్కమాట విను. వాళ్ళు జైలు గురించి రాయకూడదు, కేసు గురించి రాయకూడదు, తోటివాళ్ళ గురించి రాయకూడదు. ఇక రాయడానికి ఏం మిగిలింది చెప్పు? మీవాడు మొదట్లో నా క్లాసులో వెనక కూర్చుని గోడ చూసేవాడు. ఇది రాయడం మొదలుపెట్టాక వాణ్ణి ఆపలేకపోయాను. ఎన్నిసార్లు తిరగరాశాడో! అక్కడ మా కాగితాలు చూసే ఆఫీసరు ఎప్పుడూ ఏదో ఒకటి కొట్టేస్తారు. దీన్ని మాత్రం రెండుసార్లు చదివి, ఉండనివ్వండి అన్నారు."

"నీకేం తల్లీ, చెప్తావు."

"వద్దంటే మానేద్దాం. వాడికి నువ్వే చెప్పాలి మరి, అంతే."

వాడికి చెప్పడం! మళ్ళీ ఆ రాయిని చూడడం! టేపక్క కాగితాలు సంచిలో పెట్టుకుని, ఆలోచించుకుని చెప్తానంది. ఇంటికొచ్చింది గాని ఏ పనీ సాగలేదు. కాలుగాలిన పిల్లిలా గదిలో ఆ మూలకూ ఈ మూలకూ తిరిగింది. స్కూలు యూనిఫాం నిక్కరుకు ఒక కాలు పొడుగూ ఒక కాలు పొట్టీ కుట్టి, మళ్ళీ విప్పింది. గేటు చప్పుడైతే చాలు, కాగితాలున్న సంచి బల్ల కిందికి తోసేది. ఎక్కడికి పోయి మిషను వేసుకోవాలి? ఈ వయసులో ఎవరు గది ఇస్తారు? ఇచ్చినా మళ్ళీ ఏ ఓడ ఎక్కించాలి వాణ్ణి?

మీటింగు దగ్గర పడుతుండగా ఇంటావిడ కొత్త జాకెట్టు కొలతకు వచ్చింది. చేతులు పైకెత్తి అద్దం ముందు నిలబడి అంది.

"ఇది ఆ మీటింగు రోజుకి కావాలి. నేనూ మాట్లాడబోతున్నాను."

"ఏ మీటింగమ్మగారూ?" అంది టేపక్క, సూదుల మధ్య నుంచి.

"ఇంకేది? ఖైదీలు కథలు రాశారట, మన హాల్లో చదువుతారట! ఆ లైబ్రరీ పిల్ల నేను ఊళ్ళో లేనప్పుడు కమిటీలో ఒప్పించేసింది. చేసేవన్నీ చేసి ఇప్పుడు కథలు కూడానా? వాళ్ళ చేతుల్లో పోయినవాళ్ళు లేచొచ్చి రాస్తారా కథలు? రాయరుగా! వాళ్ళ మాట ఎవరు వింటారు? అదే అడుగుతాను నేను, అందరి ముందూ."

 ఆవిడ అన్నదాంట్లో తప్పేముందని టేపక్కకు అనిపించింది. అదే అసలు బాధ. సూది ఎక్కడ గుచ్చుతోందో చూసుకోలేదు.

"అబ్బా! చూసి పెట్టవే. ఏమైంది నీకు ఈమధ్య? అబ్బాయి దగ్గర్నుంచి కబురు లేదా?"

"ఉందమ్మగారూ. బాగానే ఉన్నాడు."

"ఎక్కడున్నాడేం?"

"నీళ్ళలోనే."

ఇంటావిడ వెళ్ళిపోయాక టేపక్క కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. బట్ట మీద ఎక్కడ కత్తిరించాలో గీసుకునే సుద్ద తీసుకుంది. మూడో పేజీలో ఇంటావిడ ఉన్న ముక్క చుట్టూ గీత గీసింది. చదివేటప్పుడు అంతవరకూ వదిలేసి కింది లైన్ల మీదికి దూకుతుంది. పుస్తకంలో వేసేటప్పుడు కూడా ఆ ముక్క తీసెయ్యమని ఆ అమ్మాయిని బతిమాలుకుంటుంది. బ్యాంకు మేనేజరుకు కోపమొస్తే రానీ, ఆయన చేతిలో గది తాళం లేదు. కొడుకు జైల్లో ఉన్నాడన్నది మాత్రం ఇక దాగదు. దానికి కాళ్ళావేళ్ళా పడైనా ఇంటావిడను ఒప్పించుకోవచ్చేమో. చొక్కాల సంగతి బయటపడితే ఏ కాళ్ళు పట్టుకున్నా లాభం లేదు. గుడ్డ పాడవకుండా చిరుగు కత్తిరించి పారేస్తున్నానని తనకు తాను సర్ది చెప్పుకుంది.

మీటింగు రోజు హాలు నిండింది. జనం కథల కోసం వచ్చారో, ఖైదీల ఇళ్ళవాళ్ళు ఎలా ఉంటారో చూడ్డానికి వచ్చారో చెప్పడం కష్టం. టేపక్క చివరి వరసలో, స్తంభం పక్కన కూర్చుంది. ఇంటావిడ ముందు వరసలో కొత్త జాకెట్టు వేసుకుని నిటారుగా కూర్చుంది. బల్ల మీద మైకు, మైకు పక్కన ఫోను. జైలు హాలుకు కలిపారు. అటువైపు దగ్గులు, కుర్చీల చప్పుడు చిన్నగా వినిపిస్తున్నాయి. అక్కడివాళ్ళు వినవచ్చు గాని మాట్లాడకూడదని లైబ్రేరియన్ ముందే చెప్పింది. ఆ దగ్గుల్లో వాడిది ఏదోనని టేపక్క చెవులు రిక్కించింది.

ఒక తండ్రి లేచి కొడుకు రాసింది తడబడుతూ చదివాడు. ఒక భార్య చదివింది, సగంలో ఏడ్చింది. అప్పుడు లైబ్రేరియన్, "ఇప్పుడు 'కొలతలు'. రాసినవారి తల్లి చదువుతారు" అంది.

లేవాలి. టేపక్క స్తంభాన్ని పట్టుకుని కూర్చునే ఉంది. ఎవరూ లేవకపోవడంతో జనం అటూ ఇటూ చూస్తున్నారు. ఫోనులో దగ్గులు కూడా ఆగిపోయాయి. వాడు వింటున్నాడు, ఎవరూ లేవకపోవడాన్ని కూడా వింటున్నాడు. ఆ ఆలోచనే ఆమెను లేపి నిలబెట్టింది. వరసల మధ్య నుంచి నడుస్తుంటే వెనక గుసగుసలు లేచాయి. ముందు వరస దాటుతుండగా ఇంటావిడ గొంతు వినబడింది.

"నువ్వా? ఓడన్నావు కదే?"

టేపక్క వినబడనట్టే మైకు ముందుకు వెళ్ళింది. కాగితం బల్లకు ఆనించి పట్టుకుంది. మొదటి వాక్యం ఆమెకే వినబడలేదు. రెండోది వినబడింది. బ్యాంకు మేనేజరు దగ్గరికి వచ్చేసరికి హాల్లో నవ్వులు మొదలయ్యాయి. మేనేజరు అక్కడే ఉన్నాడు, అందరికంటే గట్టిగా ఆయనే నవ్వుతున్నాడు, తనది కాదన్నట్టు. ఫోనులోంచి కూడా నవ్వు వచ్చింది, ఒక హాలు నిండా మగవాళ్ళ నవ్వు. ఆమె ఒక్కక్షణం భయం మరిచిపోయింది.

మూడో పేజీ. సుద్ద గీత. ఆమె గీత దాటి కిందికి దూకి చదివింది.

"ఇది విన్నప్పటి నుంచి నాకు వేరే ఆలోచన లేదు. నా బండి కింద పడి పోయినాయన ఇంట్లో కూడా అలాంటి చొక్కాలు..."

ఆగిపోయింది. ఈ లైన్లు ఆమె ఇప్పుడే చూస్తోంది. సుద్ద గీస్తున్నప్పుడు కూడా గీత వరకే చూసుకుంది గాని, కింద ఏముందో చూడలేదు. గుడ్డ తిరగేసి చూడకుండా కత్తెర పెట్టే పని ఆమె జన్మలో చెయ్యలేదు, ఇవాళ చేసింది.

హాలంతా ఎదురుచూస్తోంది. ముందు వరసలోంచి ఇంటావిడ అంది. "ఏ చొక్కాలు? మధ్యలో ఏదో మింగావు నువ్వు. చదివితే సరిగ్గా చదువు, లేకపోతే దిగు."

టేపక్క ఆవిడ ముఖం చూసింది. తర్వాత ఫోను వైపు చూసింది.  వాడు అంతకాలం గోడను చూస్తూ దాచుకున్నది ఈ లైన్లలో ఉంది. పైముక్క లేకుండా అది నిలబడదు. గది పోతుంది. పోతే పోనీ అనుకోలేదు ఆమె, అంత ధైర్యస్థురాలు కాదు. పోతుందని భయపడుతూనే పేజీలో పైకి వెళ్ళి, గీత మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.

"మా అమ్మ దగ్గరికి ఒకావిడ వస్తుంది. ఆవిడంటే అందరికీ భయం. పోయిన భర్త బట్టలన్నీ పారేశానని చెప్తుంది. కాని ఆయన చొక్కాలు ఒక్కొక్కటే తెచ్చి తన కొలతకు చేయించుకుంటుంది. ఉతకొద్దంటుంది. రోజూ పోట్లాడిన మనిషి చొక్కా వేసుకుని పడుకుంటుంది."

ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. ఇంటావిడ లేచి నిలబడింది. ముఖంలో నెత్తురు లేదు. టేపక్క తలెత్తకుండా చదువుతూనే పోయింది, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని.

"ఇది విన్నప్పటి నుంచి నాకు వేరే ఆలోచన లేదు. నా బండి కింద పడి పోయినాయన ఇంట్లో కూడా అలాంటి చొక్కాలు ఉండే ఉంటాయి. కోర్టులో ఆయన భార్య మూల కూర్చుని ఉంటే నేను తలెత్తి చూడలేదు. నేను బండి ఆపలేదు, వెనక్కి చూడలేదు, కోర్టులోనూ చూడలేదు. ఇప్పుడు ఆ చొక్కాలు ఉన్నాయా అని అడగాలనుంది. అడిగే హక్కు నాకు లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను."

కథ అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇంటావిడ ఇంకా నిలబడే ఉంది. ఆవిడ మాట్లాడడానికి వచ్చిందని అందరికీ తెలుసు. ఆవిడ బల్ల దగ్గరికి నడిచి వస్తుంటే టేపక్క ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంటావిడ ఆమె వైపు చూడలేదు. ఫోను మీదికి వంగింది.

"ఉంటాయి" అంది.  "పారేశామని చెప్పుకుంటాం. పారెయ్యం. ఆవిడ దగ్గర కూడా ఉంటాయి, ఆవిడ ఉన్నంతకాలం ఉంటాయి. తెలిసిందా? నువ్వు అది మర్చిపోయి నవ్వుతూ తిరిగావంటే ఊరుకోను."

అటువైపు నుంచి ఏమీ రాకూడదు, అది రూలు. అయినా ఫోనులో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు, ఎవరో వారించిన చప్పుడు వినిపించాయి.

"మర్చిపోనండి" అన్నాడు టేపక్క కొడుకు.

ఇంటావిడ నిటారుగా నిలబడి కొంగు సర్దుకుంది. అప్పుడు టేపక్క వైపు తిరిగి, "రేపు పొద్దున నీతో మాట్లాడాలి" అని, జనం మధ్య నుంచి ఎవరినీ చూడకుండా బయటికి వెళ్ళిపోయింది.

పొద్దున ఏమంటుందో తెలియదు. మిషను ఆ గదిలో ఉంటుందో గేటు బయట ఉంటుందో తెలియదు. టేపక్క మైకు ముందే నిలబడిపోయింది. ఇన్ని ములాఖత్‌లలో వాడు పోయినాయన ఊసెత్తడం ఆమె ఒక్కసారీ వినలేదు, తనూ ఎత్తలేదు. ఈసారి వెళ్ళినప్పుడు బండి ఎందుకు ఆపలేదురా అని అడగాలి. కేసు గురించి మాట్లాడకూడదని ఫోను కట్ చేసేసినా సరే, అడగాలి.